వేప్ బ్యాటరీలకు ఆపడం తెలిసిన చార్జర్ కొనండి

ప్రశ్న: నేను రెండు 18650 బ్యాటరీలు (18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే సైజు) పట్టే వేప్, అంటే ఈ-సిగరెట్, వాడతాను. ఇన్నాళ్లూ దాని యూఎస్‌బీ పోర్టుకే ఫోన్ చార్జర్ తగిలించి, రాత్రి పడుకునేటప్పుడు మంచం పక్కన పెట్టేవాణ్ణి. ఇప్పుడు ఆ పోర్టు వదులైపోయింది. విడిగా చార్జర్ కొందామని చూస్తే ఒకటి రెండు స్లాట్లది, ఒకటి నాలుగు స్లాట్లది. ఒకదాని మీద 3 ఆంప్స్ అని రాసి ఉంది, ఇంకోదాని మీద చచ్చిన బ్యాటరీని కూడా బతికిస్తుందని రాసి ఉంది. ధరల్లో నాలుగైదు రెట్ల తేడా. నా స్నేహితుడు 'లోపల ఉండే చిప్ ఒకటే, చవకది తీసుకో' అంటున్నాడు. మా ఆవిడకేమో ఆ బ్యాటరీలు ఇంట్లో చార్జింగ్ పెట్టడమే టెన్షన్. త్వరగా చార్జ్ చేసేది ఏదో చెప్పండి చాలు. నా దగ్గరున్న రెంటిలో ఒక బ్యాటరీ పాతది, ఒకటి ఈ మధ్యే మార్చింది.

జవాబు: చివర్లో ఏదో గుర్తొచ్చి చేర్చినట్టు రాశారే, ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. ఒకటి పాతది, ఒకటి కొత్తది. చార్జర్ సంగతి తర్వాత. ఆ రెంటినీ కలిపి వాడటం ఈ రోజే ఆపేయండి.

ఎందుకంటే, రెండు బ్యాటరీలు పట్టే వేప్‌లలో చాలావాటిలో అవి ఒకదాని తర్వాత ఒకటిగా, సిరీస్‌లో ఉంటాయి. రెంటిలోంచీ ఒకే కరెంటు పారుతుంది. పాతదానిలో పట్టు తగ్గి ఉంటుంది కాబట్టి అది ముందు ఖాళీ అవుతుంది. రెండూ కలిపి 6.4 వోల్టులు ఉన్నాయంటే చెరో 3.2 ఉందనుకుంటాం. నిజానికి కొత్తది 3.6లో, పాతది 2.8లో ఉండొచ్చు. చార్జింగ్ పెట్టినప్పుడు ఇదే తిరగబడుతుంది. పాతది చిన్న గిన్నె అయిపోయింది కదా, ముందే నిండుతుంది. రెంటినీ విడివిడిగా గమనించే ఏర్పాటు వేప్ లోపల లేకపోతే మొత్తం 8.4 వోల్టులు అయ్యేదాకా అది నింపుతూనే పోతుంది. అప్పటికి పాతది 4.3కి చేరి, కొత్తది 4.1 దగ్గరే ఉండొచ్చు. స్క్రీన్ మీద మాత్రం నిండుగా 100 శాతం కనిపిస్తుంది. ఒకవేళ మీది రెండూ పక్కపక్కన ప్యారలల్‌లో పనిచేసే రకమైతే చిక్కు వేరు: ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా ఉన్నప్పుడు లోపల పెట్టారంటే, పెట్టిన క్షణంలోనే నిండుదానిలోంచి ఖాళీదానిలోకి అడ్డూ అదుపూ లేకుండా కరెంటు దూకుతుంది. ఏ రకమైనా సరే, ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి, ఒకే రోజు కొన్నవి రెండు తీసుకుని వాటిని జంటగానే వాడండి. జంటగానే చార్జ్ చేయండి. వాటి మీద మార్కర్‌తో ఒకే గుర్తు వేసుకుంటే జంటలు కలిసిపోవు.

ఇప్పుడు చార్జర్ దగ్గరకు వద్దాం. మీరు అడిగింది వేగం గురించి. నేను చూడమనేది చార్జర్ ఎక్కడ ఆగుతుందన్నది.

మీ బ్యాటరీలు లిథియం అయాన్ రకం, ఒక్కో బ్యాటరీని సెల్ అంటారు. ఆ సెల్‌ని నింపడం బిందెను కుళాయి కింద పెట్టడం లాంటిదే. మొదట కుళాయి పూర్తిగా తిప్పుతాం. నీళ్లు మెడ దాకా వచ్చాక సన్నగా చేస్తాం. అంచుకు రాగానే కట్టేస్తాం. మంచి చార్జర్ చేసేదీ ఇదే. ముందు స్థిరమైన కరెంటుతో నింపుతూ పోతుంది. సెల్ 4.2 వోల్టులకు చేరగానే వోల్టేజిని అక్కడే పట్టి ఉంచి, కరెంటును తగ్గుతూ పోనిస్తుంది. ఆ కరెంటు బాగా సన్నబడ్డాక, మొదటిదానిలో పదో వంతు దగ్గరికో ఇంకా తక్కువకో వచ్చాక, పూర్తిగా ఆపేస్తుంది. ఆపేయడం అంటే ఆపేయడమే. పాత నికెల్ బ్యాటరీల చార్జర్లు నిండిన తర్వాత కూడా కొంచెం కొంచెం కరెంటు పంపుతూ ఉండేవి. లిథియం దాన్ని తట్టుకోలేదు.

మీరు వాడే మామూలు సెల్స్‌కి నిండు గీత 4.2 వోల్టులు. అటూ ఇటూ 0.05 వరకు ఫర్వాలేదంటారు, అంటే 4.25 దాటకూడదు. వోల్టులో ఇరవయ్యో వంతుకు ఇంత పట్టింపు దేనికని అనిపిస్తుంది. ఆ గీత దాటాక లోపలికి వచ్చే లిథియం మైనస్ పలకలోని గ్రాఫైట్ పొరల మధ్య సర్దుకోలేదు, లోహంగా మారి పైన పేరుకోవడం మొదలవుతుంది. అటువైపు ప్లస్ పలక నిలకడ తప్పుతుంది. ఇంకా పైకి తోస్తే వేడి పుడుతుంది. రెండు పలకల మధ్య ఉండే పల్చటి ప్లాస్టిక్ పొర సుమారు 130 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. అక్కడికి వచ్చాక చార్జర్ పీకేసినా ప్రయోజనం ఉండదు. సెల్ తన వేడిని తనే పెంచుకుంటూ పోతుంది.

మా పెద్దమ్మ కొడుకు ఒక చవక చార్జర్ నెలల తరబడి వాడాడు. రెండు స్లాట్లు, ఎర్ర లైటు, పచ్చ లైటు, అంతే. ఒక రోజు పచ్చ లైటు వెలిగాక రెండు సెల్స్ తీసి మల్టీమీటర్‌తో చూశాను. ఎడమ స్లాట్‌లోది 4.12. కుడి స్లాట్‌లోది 4.29. మీటరు తప్పేమోనని దాని లోపలి బ్యాటరీ మార్చి మళ్లీ చూశాను, అదే అంకె. సెల్స్ అటువి ఇటు మార్చి మళ్లీ చార్జ్ చేయించాం. ఈసారి కూడా కుడి స్లాటే 4.29. అంటే సెల్‌లో తేడా లేదు, ఆ స్లాట్‌కే ఆపడం తెలియదు. అన్ని నెలలూ కుడి స్లాట్‌లో పడ్డ ప్రతి సెల్ గీత దాటి నిండుతూ వచ్చింది, పచ్చ లైటు మాత్రం రోజూ క్షేమంగా వెలిగింది. ఆ అంకె చూశాక వాడి మొహం నాకింకా గుర్తుంది. ఆ చార్జర్‌ని మళ్లీ ప్లగ్‌లో పెట్టలేదు.

అందుకే చార్జర్‌తో పాటు ఒక మామూలు మల్టీమీటర్ కూడా కొనమంటాను. ఖరీదైనది అక్కర్లేదు. డీసీ 20 వోల్టుల దగ్గర ముల్లు పెట్టి, ఎర్ర పుల్ల ప్లస్ మధ్యలో, నల్ల పుల్ల అడుగున ఆనించాలి. చార్జర్ నుంచి తీసిన వెంటనే 4.17కీ 4.21కీ మధ్య వస్తే నిశ్చింతగా ఉండొచ్చు. 4.25 దాటితే ఆ చార్జర్‌ని వాపస్ ఇచ్చేయండి. మరీ తక్కువగా 4.1 దగ్గరే ఆపుతుంటే ప్రమాదం లేదు, కాస్త ముందే ఖాళీ అవుతుంది, అంతే. నిజం చెప్పాలంటే అలా కొంచెం తక్కువ నింపితే సెల్ ఎక్కువ కాలం మన్నుతుంది కూడా.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది, ఇది చార్జర్ ఎంపికకు కూడా పనికొస్తుంది. సెల్‌ని ప్లస్ వైపు నుంచి దగ్గరగా పెట్టుకుని చూడండి. మధ్యలో గుండ్రంగా లోహం కనిపిస్తుంది, అది ప్లస్. దాని చుట్టూ తెల్లగానో రంగుగానో సన్నటి కాగితం రింగు. ఆ రింగు బయట, ప్లాస్టిక్ తొడుగు కింద, అంచు లోపలికి మడిచి ఉంటుంది. ఆ అంచు మైనస్. సెల్ ఒళ్లంతా మైనసే, అడుగు భాగం ఒక్కటే కాదు. అంటే ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య ఉన్నది మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో దూరం, ఒక కాగితం రింగు, గోటితో గీరితే చిరిగే తొడుగు. పుల్ల జారి ఆ రెంటినీ కలిపిందంటే షార్టే. జేబులో తాళం చెవులతో, చిల్లరతో కలిపి వేసుకుంటే జరిగేదీ అదే.

చార్జర్లలో చాలావాటికి స్ప్రింగుతో జరిగే లోహపు నాలుక ఉంటుంది. స్ప్రింగు మరీ బిగుతుగా ఉండి, నాలుక అంచు పదునుగా ఉంటే సెల్‌ని పెట్టి తీసిన ప్రతిసారీ తొడుగు అంచును కాస్త కాస్త గీస్తుంది. కొన్ని వారాలు పోయాక చూస్తే ప్లస్ దగ్గరో అడుగునో తొడుగు లేచి ఉంటుంది. అందుకే కొనేటప్పుడు వీలైతే చేత్తో ఆ నాలుకను లాగి చూడండి. మెత్తగా జరగాలి, అంచు నున్నగా ఉండాలి, వదిలితే పక్కలకు ఊగకూడదు. తొడుగు చిరిగిన సెల్‌ని అలాగే వాడకండి. వేడి తగిలితే బిగుసుకునే కొత్త తొడుగులు విడిగా దొరుకుతాయి, కాగితం రింగులు కూడా దొరుకుతాయి. తొడుగు వేయడం చేతకాకపోతే ఆ సెల్‌ని పక్కన పెట్టేయండి. లోహం మీద సొట్ట పడిన సెల్‌ అయితే తొడుగు మార్చినా లాభం లేదు, వాడటం ఆపాల్సిందే.

మీ స్నేహితుడు అన్నది సగం నిజం. చవక చార్జర్లలో టీపీ4056 అనే చిన్న చిప్ విరివిగా కనిపిస్తుంది. ఆ చిప్ చెడ్డదేమీ కాదు. 4.2 వోల్టుల దగ్గర పట్టి, కరెంటు పదో వంతుకు తగ్గగానే ఆపేలా తయారు చేసిందే. కానీ దాని కొలతలో ఒకటిన్నర శాతం వరకు తేడా ఉండొచ్చని తయారీదారులే చెబుతారు. లెక్క వేస్తే దాదాపు 4.14 నుంచి 4.26 వరకు. అసలు చిప్‌కే ఇంత తేడా ఉన్నప్పుడు దాని నకలుకు, దాని కంటే నాసిరకానికి ఎంత ఉంటుందో చెప్పలేం. పైగా ఇలాంటి చిప్ మిగిలిన వోల్టేజిని వేడిగా తగలేస్తుంది. 5 వోల్టులు లోపలికి వచ్చి సెల్ 3.7లో ఉంటే, మధ్యలో మిగిలిన 1.3 వోల్టులు వేడి అవుతాయి. 1 ఆంప్ దగ్గర అది 1.3 వాట్లు. గాలి ఆడని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, సెల్ పక్కనే.

ఇంకా, ధరలో తేడా చిప్ ఒక్కదాని వల్ల వచ్చేది కాదు. సెల్‌ని తిరగేసి పెడితే మంచి చార్జర్ ఊరుకుంటుంది, లైటు మెరిపించి తప్పని చెబుతుంది. నాసిరకానిది అలాగే కరెంటు తోస్తుంది. నిద్రమత్తులో ఎవరైనా ఒకసారి తిరగేసి పెడతారు, మీరూ పెడతారు, నేనూ పెట్టాను. నేరుగా గోడ సాకెట్లోకి గుచ్చే చవక చార్జర్లతో నాకు ఇంకో భయం ఉంది. మెయిన్స్ కరెంటుకీ మీరు వేలితో తాకే ఆ లోహపు నాలుకకీ మధ్య లోపల ఎంత ఎడం వదిలారో, ఏ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారో బయటికి కనిపించదు. అక్కడ కక్కుర్తి పడితే షాక్ తగిలేది మీకు. అందుకే మీకు యూఎస్‌బీ ద్వారా పనిచేసే చార్జర్ తీసుకోమని చెబుతాను. ఫోన్‌తో పాటు వచ్చిన మంచి అడాప్టర్ ఇంట్లో ఉంటే మెయిన్స్ పని దానికి అప్పగించొచ్చు.

అన్నిటికంటే ముఖ్యంగా అడగాల్సింది: ప్రతి స్లాట్‌కీ విడిగా నియంత్రణ ఉందా? కొన్ని చవక రకాల్లో రెండు స్లాట్లను లోపల కలిపేస్తారు. ఒకటి సగం ఉండి, ఒకటి ఖాళీగా ఉంటే రెంటినీ ఒకే గాటన కట్టి నింపుతుంది. పైన నేను వేప్ గురించి చెప్పిన గొడవే మళ్లీ ఇక్కడా మొదలవుతుంది. విడిగా నియంత్రణ ఉన్న చార్జర్ ప్రతి సెల్‌నీ దాని దారిన దాన్ని 4.2కి తెచ్చి ఆపుతుంది. నిజానికి వేప్‌లోపలే చార్జ్ చేసుకోవడం కంటే విడి చార్జర్ మేలని చెప్పడానికి నాకున్న పెద్ద కారణం ఇదే. ఒక్కో స్లాట్‌కి విడిగా వోల్టులు చూపించే స్క్రీన్ ఉంటే ఇంకా మంచిది. జంటలో ఒక సెల్ ప్రతిసారీ రెండోదాని కంటే తక్కువ వోల్టులతో చార్జర్‌లోకి వస్తుంటే అది అలసిపోతోందని ముందే తెలుస్తుంది. కొన్ని చార్జర్లు సెల్ లోపలి రెసిస్టెన్స్, అంటే సెల్ లోపల కరెంటుకు ఎంత అడ్డు ఉందన్నది, కూడా చూపిస్తాయి. ఆ అంకె సెల్‌ని తీసి మళ్లీ పెడితే మారిపోతుంది, నాలుక ఎంత గట్టిగా తగిలిందన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. ఒకే స్లాట్‌లో నెలల తరబడి చూసుకుంటే పనికొస్తుంది తప్ప ఆ అంకె కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి.

3 ఆంప్స్ మాట. ఎల్‌జీ హెచ్‌జీ2 అనే 3000 ఎంఏహెచ్ (సెల్‌లో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత) సెల్‌కి కంపెనీ చెప్పిన మామూలు చార్జింగ్ 1.5 ఆంప్స్, గరిష్ఠం 4. శామ్‌సంగ్ 25ఆర్ అనే 2500 ఎంఏహెచ్ సెల్‌కి మామూలుగా 1.25, గరిష్ఠం 4. అంటే ఇలాంటి అసలు సెల్‌ని 3 ఆంప్స్‌తో నింపితే అప్పటికప్పుడు ఏదో అయిపోదు. అయినా వద్దంటాను. గరిష్ఠం అంటే తట్టుకునే హద్దు, రోజూ అక్కడే నడపమని కాదు. వేగం పెరిగేకొద్దీ వేడి పెరుగుతుంది, సెల్ ఆయుష్షు తగ్గుతుంది. పాతబడిన సెల్‌కి ఆ హద్దు కంపెనీ కాగితం మీద ఉన్న చోట ఉండదు. పైగా కొన్నిటి మీద రాసే 3 ఆంప్స్ అన్ని స్లాట్లకూ కలిపి, కొన్నిటి మీద ఒక్క స్లాట్‌లో ఒక్క సెల్ పెట్టినప్పటిది. పెట్టె వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చదవండి. 5 వోల్టులు 2 ఆంప్స్ అడాప్టర్ ఇచ్చేది మొత్తం 10 వాట్లు. నాలుగు సెల్స్‌కి తలా 1 ఆంప్ ఇవ్వాలంటే చివర్లో 17 వాట్లకు దగ్గరగా కావాలి. ఆ అడాప్టర్‌తో నాలుగు పెడితే తలా అర ఆంప్‌కి మించి రాదు, పెట్టె మీద ఏం రాసి ఉన్నా సరే.

18650కి 1 ఆంప్ చక్కగా సరిపోతుంది. 3000 ఎంఏహెచ్ సెల్ ఖాళీ నుంచి నిండటానికి మూడున్నర నుంచి నాలుగు గంటలు పడుతుంది. మూడు గంటలు కాదా అంటే, చివర్లో కుళాయి సన్నగా చేసే దశ ఉందిగా, దానికి సమయం పడుతుంది. 21700 సెల్స్ పెద్దవి, 4000 ఎంఏహెచ్, 5000 ఎంఏహెచ్‌వి ఉంటాయి కాబట్టి 2 ఆంప్స్ పెట్టుకోవచ్చు. 18350 లాంటి పొట్టివాటికి అర ఆంప్ దాటొద్దు. కరెంటును మనమే ఎంచుకునే వీలున్న చార్జర్ అయితే ఈ తిప్పలుండవు. తనంతట తనే నిర్ణయించుకునే రకాలు సెల్‌ని చూసి ఊహిస్తాయి, ఆ ఊహ చిన్న సెల్స్ దగ్గర తప్పుతుంటుంది.

మీకు కావాల్సింది నిజానికి వేగం కాదనుకుంటాను, వేప్ ఆగిపోకుండా ఉండటం. అలాగైతే వేగవంతమైన చార్జర్‌కి పెట్టే ఎక్కువ డబ్బుతో ఇంకో జంట సెల్స్ కొనండి. ఒక జంట వేప్‌లో ఉంటుంది, ఒక జంట చార్జర్‌లో మెల్లగా నిండుతుంది. అప్పుడు నాలుగు గంటలైనా మీకు తొందర ఉండదు, రాత్రి పూట చార్జింగ్ పెట్టాల్సిన అవసరమూ ఉండదు. సెల్స్ కొనేటప్పుడు ఒక్కటి గమనించండి. 18650 మీద 9900 ఎంఏహెచ్ అని రాసి ఉంటే అది పచ్చి అబద్ధం. ఆ సైజులో పేరున్న కంపెనీలవి 3500 దగ్గర ఆగుతాయి, వేప్‌కి కావాల్సిన గట్టి కరెంటు ఇచ్చేవి 2500, 3000 దగ్గరే ఉంటాయి. అసలు సెల్ 45 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. చేతికి మరీ తేలిగ్గా అనిపిస్తే అనుమానించండి.

చచ్చిన బ్యాటరీని బతికిస్తుందన్న మాట దగ్గర మీరు మోసపోకూడదు. ఆ సదుపాయం పుట్టింది వేరే రకం సెల్స్ కోసం. టార్చిలైట్లలో వాడే కొన్ని సెల్స్‌కి అడుగున చిన్న రక్షణ సర్క్యూట్ ఉంటుంది. సెల్ బాగా దిగిపోతే ఆ సర్క్యూట్ కరెంటును కట్ చేస్తుంది, బయట కొలిస్తే సున్నా వోల్టులు చూపిస్తుంది. దాన్ని మేల్కొలపడానికి చార్జర్ కొంచెం కరెంటు పంపుతుంది. వేప్‌లో వాడే సెల్స్‌కి మామూలుగా ఆ సర్క్యూట్ ఉండదు. అవి 1 వోల్టు చూపించాయంటే లోపల నిజంగా 1 వోల్టే ఉంది. అంత కిందికి దిగిన సెల్‌లో మైనస్ పలకకు ఆధారంగా ఉండే రాగి రేకు కరగడం మొదలవుతుంది. మళ్లీ చార్జ్ చేసినప్పుడు ఆ రాగి వేరేచోట పేరుకుని, ఎప్పుడో ఒక రోజు లోపలే షార్ట్ చేస్తుంది. 2 వోల్టుల కంటే కిందికి పోయిన సెల్‌ని బతికించొద్దు. 2.5కీ 3కీ మధ్య ఉన్నదాన్ని మంచి చార్జర్ తనే ముందు సన్నటి కరెంటుతో పైకి తెచ్చి, తర్వాతే మామూలు వేగం అందుకుంటుంది.

నికెల్ రకాలు, 3.2 వోల్టుల లిథియం ఫాస్ఫేట్ రకాలు, 4.35 వోల్టుల రకాలు అన్నీ చార్జ్ చేస్తుందని రాసిన చార్జర్ చూసి ఆశపడకండి. లిథియం ఫాస్ఫేట్ 3.65 దగ్గర నిండుతుంది, మీది 4.2 దగ్గర. మధ్యలో ఉండేది ఒక చిన్న మీట. అది పొరపాటున 4.35 వైపు జరిగిందంటే మీ సెల్స్ కథ మళ్లీ మొదటికొస్తుంది. తనే గుర్తుపట్టే రకాల్లో కూడా బాగా దిగిపోయిన లిథియం సెల్‌ని నికెల్ సెల్ అనుకునే ప్రమాదం ఉంది. మీ దగ్గర ఉన్నది ఒకే రకం కదా. దానికి మాత్రమే పనిచేసే చార్జర్ కొంటే పొరపాటుకు చోటే ఉండదు.

ఇక మీ ఆవిడ భయం. ఆమెది చాదస్తం అనుకోకండి. అమెరికా అగ్నిమాపక సంస్థ 2017లో ఒక నివేదిక ఇచ్చింది. 2009 నుంచి 2016 దాకా ఆ దేశంలో ఈ-సిగరెట్లు కాలడం, పేలడం గురించి వార్తల్లోకి వచ్చిన 195 ఘటనలను లెక్కించింది. వాటిలో 48 చార్జింగ్‌లో ఉండగా జరిగినవి. జేబులో ఉండగా జరిగినవి అంతకంటే ఎక్కువ, 61. అలాగే 2021లో అక్కడి వినియోగదారుల భద్రతా కమిషన్, 18650 సెల్స్‌ని ఇలా విడిగా కొని వాడొద్దని హెచ్చరించింది. ఈ సెల్స్‌ని తయారు చేసే కంపెనీలు వాటిని ల్యాప్‌టాప్ బ్యాటరీల్లాంటి ప్యాక్‌లలో, రక్షణ సర్క్యూట్ల మధ్య పెట్టడానికే తయారు చేస్తాయి. ఇది మీకు దాచి చార్జర్ గురించి మాత్రమే చెప్పడం నాకు ఇష్టం లేదు. వేప్ మానేసే ఆలోచన ఎప్పుడైనా వస్తే అది అన్ని విధాలా మంచిదే. వాడుతున్నన్నాళ్లూ మాత్రం ఆమె మాటలో సగమైనా వినండి.

అంటే మంచం పక్కన చార్జింగ్ పెట్టడం ఈ రాత్రి నుంచే మానేయండి. నిద్రలో ఉన్నప్పుడు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు అసలు వద్దు. రాతి గట్టు మీదో టైల్స్ మీదో పెట్టండి, పక్కన కర్టెన్లు, కాగితాలు, పరుపులు లేకుండా. ఇంటి నుంచి బయటికి వెళ్లే దారిలో మాత్రం పెట్టకండి, ఏదైనా అయితే దాటి వెళ్లాల్సింది ఆ దారినే. వేప్ వాడిన వెంటనే సెల్ వెచ్చగా ఉంటే అరగంట చల్లారనివ్వండి. ఎండ పడే కిటికీ పనికిరాదు, 45 డిగ్రీలు దాటిన చోట చార్జ్ చేయకూడదు. సున్నా కంటే చల్లగా ఉన్న చోట కూడా అంతే, లిథియం లోహంగా పేరుకుంటుంది. చార్జింగ్ మధ్యలో ముట్టుకుంటే గోరువెచ్చగా ఉండొచ్చు. చెయ్యి ఆనించి ఉంచలేనంత వేడిగా ఉన్నా, తీయటి వాసన లాంటిది వచ్చినా, బుసబుసమని శబ్దం వచ్చినా సెల్‌ని చేత్తో తీయాలని చూడకండి. దూరం నుంచి సాకెట్ స్విచ్ ఆపగలిగితే ఆపి, అందరినీ బయటికి పంపి, అగ్నిమాపక సిబ్బందికి ఫోన్ చేయండి.

ఇంతకీ ఏది కొనాలంటారా? రెండు జంటలు ఉంచుకుంటే నాలుగు స్లాట్లది, ఒక్క జంటే అయితే రెండు స్లాట్లది. ప్రతి స్లాట్‌కీ విడి నియంత్రణ, విడి వోల్టేజి అంకె, అర ఆంప్ నుంచి 2 ఆంప్స్ వరకు మనమే ఎంచుకునే బటన్, తిరగేసి పెడితే అడ్డుకునే రక్షణ, యూఎస్‌బీ టైప్ సి. ఇవన్నీ ఉన్నది, తయారీదారు పేరు బాహాటంగా వేసుకున్నది తీసుకోండి. నైట్‌కోర్, ఎక్స్‌టార్ లాంటి కంపెనీలు ఏళ్లుగా ఈ పనే చేస్తున్నాయి. వాటికి నకళ్లు కూడా ఉన్నాయి కాబట్టి పెట్టె మీద గీకి చూసుకునే కోడ్ ఉంటే కంపెనీ సైట్‌లో సరిచూసుకోండి. మీరు రాసిన వాటిలో బతికిస్తానన్నది వద్దు, 3 ఆంప్స్‌ది కరెంటు తగ్గించుకునే వీలుంటేనే ఆలోచించండి.

తెచ్చిన రోజు పగటి పూట, మీరు ఇంట్లో ఉండగా, కొత్త జంటను 1 ఆంప్ దగ్గర పెట్టండి. స్క్రీన్ మీద నిండినట్టు రాగానే తీసి మల్టీమీటర్‌తో చూసి, ఏ స్లాట్‌లో ఎంత వచ్చిందో ఒక కాగితం మీద రాసుకోండి. మర్నాడు అదే సెల్స్‌ని వాడకుండా మళ్లీ కొలవండి. కొంచెం దిగడం మామూలే. ఒక్క రోజులో 4.19 నుంచి 4.05కి పడిపోయిందంటే ఆ సెల్ బాగా లేదు, కొత్తదైనా మార్చేయమనండి. తర్వాత స్లాట్లు మార్చి ఇంకోసారి చార్జ్ చేసి చూడండి. అన్ని స్లాట్లూ 4.2కి దగ్గర్లోనే ఆగాయంటే ఇక రోజూ కొలవక్కర్లేదు, నెలకోసారి చాలు.

పక్కన పెట్టిన ఆ పాత సెల్‌ని డస్ట్‌బిన్‌లో వేయకండి. రెండు చివరలకూ టేప్ అంటించి, ప్లాస్టిక్ కేసులో పెట్టి, ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చేయండి. దాని జోడీగా ఉన్న కొత్తదాన్ని మాత్రం పారేయక్కర్లేదు, ఒక్క 18650తో నడిచే పరికరం ఏదైనా ఉంటే దానిలో వాడుకోవచ్చు. వదులైన ఆ యూఎస్‌బీ పోర్టు మీద కూడా ఒక టేప్ ముక్క అంటించండి, ఇంట్లో ఇంకెవరూ పొరపాటున చార్జర్ గుచ్చకుండా.